లండన్ నుంచి పారిస్ గంటా ఇరవై నిమిషాలు - ఓ కాకిలెక్క

"గంటా ఇరవై నిమిషాల ప్రయాణానికి మళ్ళీ హోటలొకటా అండీ?"

ఈ మాట అన్నది మా మేనేజరు. ఆయనా మనవాడే. నాతో అన్నాడు గానీ, విషయం మాత్రం మా టీములో ఉన్న ఒక కుర్రాడిది. నన్ను "అన్నా" అని పిలుస్తాడు. ఉండేది లండన్లో వెంబ్లీ వైపు. క్లయింటు ఆఫీసేమో పారిస్‌కి పడమటి పక్కన, లా డెఫాన్స్ లో. ప్రతి మంగళవారం పొద్దున్నే వెళ్ళాలి, సాయంత్రం తిరిగొచ్చెయ్యాలి. నాలుగు నెలలపాటు ఇదే తంతు. పాపం ఏమడిగాడంటే, "అన్నా, సోమవారం సాయంత్రం వెళ్ళి అక్కడే పడుకుంటాను, ఒక్క రాత్రికి హోటల్ ఇప్పించండి" అని. నేను ఆ మెయిలు పైకి పంపాను. దానికొచ్చిన జవాబే పైన మీరు చదివింది.

మేనేజరు చెడ్డవాడేం కాదు. ఆయన ముందు ట్రావెల్ డెస్కు వాళ్ళ స్క్రీన్ ఉంది, దాని మీద 'లండన్ - పారిస్, 1 గం. 20 ని.' అని ఉంది. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ట్రాఫిక్‌లో పట్టే సమయం కంటే కాస్త ఎక్కువ, అంతేగా! ఆమాత్రం దానికి హోటలెందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. నాక్కూడా ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు.

అసలు ఆ స్క్రీన్ మీదికి ఆ అంకె ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకి నాకు జవాబు తెలుసు. ఎందుకంటే ఒకప్పుడు అలాంటి పేజీ ఒకటి రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. సిగ్గుపడుతూనే చెప్తున్నా, వినండి.

చాన్నాళ్ళ క్రితం ఒక ట్రావెల్ సైటు ప్రాజెక్టులో పనిచేశాను. రిక్వైర్‌మెంట్ ఒక్క ముక్క: ఏ రెండు ఊళ్ళ పేర్లిచ్చినా మధ్య దూరం, విమానానికి పట్టే సమయం చూపించాలి. ఒక్క మధ్యాహ్నంలో తేల్చేశాను. రెండు ఊళ్ళకీ అక్షాంశం, రేఖాంశం తీసుకోవడం, హావర్‌సైన్ ఫార్ములాలో వెయ్యడం, భూమి వ్యాసార్థం 6371 కిలోమీటర్లనుకోవడం.. దూరం వచ్చేస్తుంది. లండన్ నుంచి పారిస్ సుమారు 344 కిలోమీటర్లు. దాన్ని గంటకి 800తో భాగిస్తే 26 నిమిషాలు. ఎక్కడానికీ దిగడానికీ కలిపి ఇంకో అరగంట పడేస్తే 56 నిమిషాలు. అయిపోయింది! టెస్టింగ్ వాళ్ళు పాస్ చేశారు, క్లయింటు మెచ్చుకున్నాడు, నేను ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

ఇలా తిన్నగా గీత గీసి కొలిచే దూరాన్ని ఇంగ్లీషువాడు కాకి ఎగిరే దూరం అంటాడు. మన భాషలో 'కాకిలెక్క' అంటే అర్థం వేరని మీకు తెలుసు. ఈ విషయంలో మాత్రం రెండు అర్థాలూ భలే కలిసిపోయాయి :)

సరే, నా 56 నిమిషాలు వట్టి ఊహ. టిక్కెట్టు మీద ఉండే గంటా ఇరవై నిమిషాలైనా నిజమేనా అంటే, అది నిజమే గానీ వేరే ప్రశ్నకి జవాబు. విమానాల వాళ్ళ భాషలో దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. విమానం ఇక్కడ గేటు దగ్గర్నుంచి కదిలిన క్షణం మొదలు, అక్కడ గేటు దగ్గర ఆగే దాకా. అందులో గాల్లో ఉండేది ముప్పావుగంట అటూ ఇటూ. మిగతాదంతా నేల మీద పాకడం, రన్‌వే కోసం లైన్లో నిలబడటం, ఆలస్యమైతే సర్దుకోవడానికి ముందే కలుపుకున్న కొసరు. హీత్రూకి ఉన్నవి రెండే రన్‌వేలు, అవి ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటాయి. దిగాల్సిన విమానాల్ని బోవింగ్‌డన్, లాంబోర్న్, ఓకమ్, బిగ్గిన్ అని నాలుగు చోట్ల గాల్లోనే గుండ్రంగా తిప్పుతుంటారు. కాకి అలా తిరగదు, నా ఫార్ములాకి ఆ సంగతి తెలియదు. షెడ్యూలు వేసే కంపెనీకి మాత్రం బాగా తెలుసు. అందుకే కొసరు కలుపుకుంటుంది. చెప్పిన టైము కంటే పదిహేను నిమిషాల లోపు ఆలస్యమైతే 'టైముకే వచ్చినట్టు' అని లెక్క రాసుకోవడం ఈ రంగంలో ఆనవాయితీ కూడాను. అంటే కంపెనీ తన ఆలస్యం తనకి ముందే తెలిసి, తన లెక్కలో వేసుకుంది. మరి మా కుర్రాడి ఆలస్యం ఎవరి లెక్కలో వేశారు? ఎవరి లెక్కలోనూ లేదు.

నేనొక పని చేశాను. "నువ్వు రెండు వారాలపాటు ఇంటి తలుపు వేసిన దగ్గర్నుంచి టైములు రాసిపెట్టు" అన్నాను. అతను రాసిచ్చిన ఒక మంగళవారం ఇది. మార్చిందేమీ లేదు, చదవడానికి వీలుగా ఐదు నిమిషాల లెక్కకి సర్దానంతే.

4:50 - ఇంటి తలుపు వేశాడు, టాక్సీ ఎక్కాడు
5:25 - హీత్రూ
7:10 - విమానం గేటు వదిలింది
8:30 - పారిస్ షార్ల్ ద గోల్ విమానాశ్రయంలో గేటు దగ్గర ఆగింది (అక్కడి గడియారంలో 9:30)
9:10 - పాస్‌పోర్టు క్యూ దాటి బయటపడ్డాడు
10:30 - ట్రైను ఎక్కి, మధ్యలో షాట్లేలో మారి, క్లయింటు ఆఫీసులో సంతకం పెట్టాడు (అక్కడ 11:30)

అక్షరాలా ఐదు గంటల నలభై నిమిషాలు! ఇందులో మా మేనేజరు స్క్రీన్ మీద కనిపించింది గంటా ఇరవై. అంటే పావు వంతు కూడా కాదు.

తిరుగు ప్రయాణం ఇంకా తమాషా. పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుంటుంది. ఆ మాటకొస్తే భూగోళం మీద పారిస్ లండన్‌కి పెద్ద తూర్పున ఏమీ లేదు. 1940లో జర్మన్లు ఆక్రమించుకున్నప్పుడు తమ గడియారం తెచ్చి పెట్టారు, ఫ్రాన్సు వాళ్ళు యుద్ధం అయిపోయాక కూడా దాన్నే ఉంచుకున్నారు. దాంతో తిరిగొచ్చే టిక్కెట్టు మీద ఏముంటుందంటే, బయలుదేరడం 19:30, చేరడం 19:50. చూసినవాడికి ఇరవై నిమిషాల్లో ఇంటికొచ్చేస్తున్నట్టుంటుంది. నిజానికి అతను ఆఫీసులోంచి అక్కడి ఐదింటికి, అంటే మన నాలుగింటికి బయటపడి, ఇల్లు చేరింది రాత్రి 9:30కి. ఐదున్నర గంటలు. లండన్లో దిగాక ఆటోమేటిక్ గేట్లుంటాయి గానీ అవి మన పాస్‌పోర్టుకి తెరుచుకోవు. అమెరికా, జపాన్, ఐరోపా దేశాల వాళ్ళు అలా నడుచుకుంటూ వెళ్ళిపోతుంటే మనం క్యూలో నిలబడి వాళ్ళ వీపులు చూడాలి. స్క్రీన్ మీది అంకెకి ఏ పాస్‌పోర్టూ ఉండదు కదా.

మొత్తం కలపండి. పొద్దున 4:50 నుంచి రాత్రి 9:30 దాకా, పదహారు గంటల నలభై నిమిషాలు. అందులో క్లయింటు దగ్గర చేసిన పని ఐదున్నర గంటలు. ప్రయాణం పదకొండు గంటల పది నిమిషాలు. టైమ్‌షీట్లో రాసింది.. ఎనిమిది గంటలు.

నాలుగు నెలల్లో ఇలాంటి మంగళవారాలు పదిహేడు. టిక్కెట్టు చెప్పే ప్రయాణానికీ, మనిషి చేసిన ప్రయాణానికీ రోజుకి ఎనిమిదిన్నర గంటల తేడా. పదిహేడుతో గుణిస్తే 144 గంటలు పైనే. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే పద్ధెనిమిది రోజులు! ఇవి ఎవరి సొమ్ము? కంపెనీ జీతమివ్వలేదు, క్లయింటు బిల్లు కట్టలేదు. పోనీ సెలవు కింద జమ చేశారా అంటే అదీ లేదు. ఆ కుర్రాడింట్లో రెండేళ్ళ పాప ఉంది. మంగళవారం అతను బయలుదేరేటప్పటికి నిద్రలో ఉంటుంది, తిరిగొచ్చేసరికి మళ్ళీ నిద్రలోనే ఉంటుంది. ఆ పద్ధెనిమిది రోజులు పోయింది ఆ ఇంట్లోంచి. నా గొడవల్లా ఇదే. ఫ్లైట్ టైమ్ అనే అంకె తప్పని కాదు, అది ప్రయాణీకుడి సమయాన్ని కనపడకుండా మాయం చేస్తుందని.

"రైల్లో వెళ్ళొచ్చుగా?" అని ఈపాటికి మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. అక్కడికే వస్తున్నా.

లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుంచి పారిస్ గార్ ద్యు నోర్ స్టేషన్‌కి రైలు దారి సుమారు 492 కిలోమీటర్లు. కాకి దారి కంటే దాదాపు 150 కిలోమీటర్లు ఎక్కువ. మధ్యలో సముద్రం కింద సొరంగం, 1994లో తెరిచారు, యాభై కిలోమీటర్ల పొడవు. అందులో రైలు గంటకి 160 కిలోమీటర్ల వేగంతోనే పోతుంది. బయట మూడొందలు. మొదట్లో ఈ ప్రయాణం మూడు గంటలు పట్టేది. ఇంగ్లండు వైపు కొత్త లైను 2003లో సగం, 2007లో మిగతా సగం పూర్తయ్యాక రెండుంపావు గంటలకి దిగింది. అంటే కాగితం మీద చూస్తే రైలు విమానం కంటే గంట ఆలస్యం. స్క్రీన్ మీద ఎప్పుడూ ఓడిపోయేది రైలే.

ఇప్పుడు ఇంటి తలుపు దగ్గర్నుంచి లెక్కేద్దాం. వెంబ్లీ పార్కులో మెట్రోపాలిటన్ లైను ఎక్కితే ఇరవై నిమిషాల్లో కింగ్స్ క్రాస్, అక్కడే సెయింట్ పాంక్రస్. ఇంట్లోంచి 5:25కి బయలుదేరితే ఆరింటికి స్టేషన్లో ఉంటాడు. ఫ్రాన్సు పోలీసులు పాస్‌పోర్టు చూసేది లండన్లోనే, కాబట్టి పారిస్‌లో దిగాక క్యూ లేదు, బ్యాగు తగిలించుకుని నడిచి పోవడమే. ఏడింటి రైలెక్కితే క్లయింటు ఆఫీసులో మన గడియారం ప్రకారం 10:05కి ఉంటాడు. నాలుగు గంటల నలభై నిమిషాలు. విమానం కంటే గంట తక్కువ! రానూపోనూ కలిపితే తొమ్మిది గంటల పాతిక నిమిషాలు, గంటా ముప్పావు మిగులు. పైగా అందులో సగం ఒకే సీట్లో, టేబుల్ ముందు, ల్యాప్‌టాప్ తెరుచుకుని, లేదా హాయిగా కళ్ళు మూసుకుని. విమానంలోనైతే బెల్టు తీసి, బూట్లు విప్పి, ల్యాప్‌టాప్ బయటపెట్టి, మళ్ళీ లోపల పెట్టి, లైన్లో నిలబడి, కూర్చుని, మళ్ళీ లేచి.. అన్నీ ముక్కలు ముక్కలు. పావుగంట చొప్పున ముక్కలు చేసిన సమయం నిద్రకీ పనికిరాదు, పనికీ పనికిరాదు.

విమానం వేగంలో సగం కూడా లేని బండి, నూట యాభై కిలోమీటర్లు ఎక్కువ తిరిగి, గంట ముందు చేర్చింది. ఇలా ఎలా అయ్యిందంటే, వేగంగా పోయే ముక్క మొత్తం ప్రయాణంలో చాలా చిన్నది కాబట్టి. ఆమ్‌డాల్ సూత్రం మనందరం చదువుకున్నదే కదా. మొత్తంలో పది శాతం ఉన్న భాగాన్ని ఎంత వేగం చేసినా మిగతా తొంభై శాతం అలాగే ఉంటుంది. కోడ్ రివ్యూలో జూనియర్లకి చెప్పే ఈ మాట, మన ప్రయాణం దగ్గరికొచ్చేసరికి ఎందుకు గుర్తుకు రాదో!

అయితే నేను రైలు భజన చెయ్యడానికి ఇదంతా రాయట్లేదు. రైలు తొమ్మిది గంటల పాతిక కూడా ఒక రోజులో వెళ్ళొచ్చే వ్యవహారం కాదు, రెండుంపావు గంటలు అనేదీ అలాంటి అంకే. రైలుకి దాని తిప్పలు దానికున్నాయి. ఈ దారిలో ప్రయాణీకుల్ని తీసుకెళ్ళేది ఇప్పటికీ ఒకే కంపెనీ, చివరి నిమిషంలో కొంటే టిక్కెట్టు చూసి గుండె ఆగుతుంది. 2009 డిసెంబరులో మంచు దెబ్బకి ఐదు రైళ్ళు సొరంగంలో ఆగిపోయి జనం రాత్రంతా లోపలే ఉండిపోయారు. 2025 అక్టోబరు నుంచి ఐరోపా వాళ్ళు కొత్త ఎంట్రీ ఎగ్జిట్ పద్ధతి పెట్టారు, మనలాంటి వాళ్ళకి వేలిముద్రలు, ఫొటో. దానికయ్యే సమయం రైలుకైనా తప్పదు, విమానానికైనా తప్పదు.

ఇంకో మాట. ఇల్లు హౌన్‌స్లోలో, హీత్రూ పక్కనే ఉండి, క్లయింటు ఆఫీసు పారిస్ విమానాశ్రయం పక్కన ర్వాసీలో ఉంటే? అప్పుడు విమానమే నయం. లండన్ నుంచి మాడ్రిడ్‌కో రోమ్‌కో అయితే ఇక చెప్పక్కర్లేదు, విమానమే. కాదనను. నేను చెప్పొచ్చేదేంటంటే, ఊరంటే చుక్క కాదు. నా ఫార్ములాలో లండన్ ఒక అక్షాంశం, ఒక రేఖాంశం. వెంబ్లీ, క్రాయ్‌డన్, ఈస్ట్ హామ్, హౌన్‌స్లో అన్నీ ఆ ఒక్క చుక్కలో కుక్కేశాం. అందులో మనిషి ఎక్కడున్నాడో అడక్కుండా 'లండన్ నుంచి పారిస్‌కి ఇంత' అని చెప్పే అంకె, అసలు ప్రశ్నే వినకుండా ఇచ్చిన జవాబు.

ఈ చుక్క వ్యవహారంతో వ్యాపారం చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అని ఒక విమానాశ్రయం. పేరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్‌కి అది 120 కిలోమీటర్లు! పారిస్ పేరు చెప్పి అమ్మే బోవే విమానాశ్రయం పారిస్‌కి సుమారు 85 కిలోమీటర్లు. స్టాక్‌హోమ్ స్కావ్‌స్టా వంద. చవక టిక్కెట్టు దొరికిందని ఎగిరి గంతేసి, అర్ధరాత్రి ఆ మైదానంలో దిగి, బస్సు కోసం చలిలో నిలబడ్డ మన కుర్రాళ్ళు ఎంతమందో. మొదటి ఆన్‌సైట్లో నేనూ ఒకణ్ణే. ఫ్లైట్ టైమ్ మాత్రం కరెక్టే, ఒక్క నిమిషం తేడా లేదు!

మనూళ్ళో అయితే ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. 2008లో హైదరాబాదుకీ బెంగళూరుకీ రెండిటికీ కొత్త విమానాశ్రయాలొచ్చాయి, ఒకటి శంషాబాదులో, ఇంకోటి దేవనహళ్ళిలో. ఆ తర్వాత 'గంట ఫ్లైటు' అంటే కూకట్‌పల్లి నుంచి శంషాబాదు, దేవనహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్ కలుపుకోవాలని అందరికీ అనుభవంలోకి వచ్చింది. అందుకే ఎంతోమంది ఇప్పటికీ రాత్రి బస్సెక్కి ముసుగుతన్ని, తెల్లారేసరికి మడివాళలో దిగుతున్నారు. వాళ్ళు లెక్క తెలియనివాళ్ళు కాదు, అసలు లెక్క తెలిసినవాళ్ళు. అదే మనిషి లండన్ వచ్చి మేనేజరయ్యాక మాత్రం స్క్రీన్ చూసి మాట్లాడతాడు.

"ఇదంతా నీ చాదస్తం, సమయం ఎవరిది అని ఎవరైనా ఇంత పట్టించుకుంటారా" అంటారేమో. ఐరోపాలో కోర్టులే పట్టించుకున్నాయి. రెండు కేసులు చెప్తాను.

ఒకటి, సాల్జ్‌బర్గ్ నుంచి కొలోన్-బాన్‌కి వెళ్ళిన ఒక విమానం కేసు. మూడు గంటలు, ఆ పైన ఆలస్యంగా చేరితే ప్రయాణీకుడికి పరిహారమివ్వాలి. 1500 కిలోమీటర్ల లోపు దూరమైతే 250 యూరోలు. ఈ విమానం చక్రాలు నేలకి తాకేటప్పటికి ఆలస్యం 2 గంటల 58 నిమిషాలు. గేటు దగ్గర ఆగేటప్పటికి 3 గంటల 3 నిమిషాలు. కంపెనీ ఏమంది? నేలకి తాకడమే చేరడం, కాబట్టి డబ్బులివ్వం అంది. 2014 సెప్టెంబరులో లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం తేల్చి చెప్పింది: కనీసం ఒక తలుపు తెరిచి, ప్రయాణీకులు దిగొచ్చు అన్న క్షణమే చేరిన సమయం. ఎందుకంటే అప్పటిదాకా లోపలున్న మనిషి తన సమయం తన ఇష్టమొచ్చినట్టు వాడుకోలేడు. చూశారా, కోర్టు కొలిచింది విమానాన్ని కాదు, మనిషిని.

రెండోది 2015 సెప్టెంబరుది. స్పెయిన్లో అలారాలూ అవీ బిగించే టెక్నీషియన్ల కేసు. కంపెనీ వాళ్ళ ప్రాంతీయ ఆఫీసులు మూసేసి, ఇంటి నుంచే నేరుగా కస్టమర్ల దగ్గరికి పొమ్మంది. పొద్దున మొదటి కస్టమర్ దగ్గరికి వెళ్ళేదీ, సాయంత్రం చివరి కస్టమర్ దగ్గర్నుంచి ఇంటికొచ్చేదీ మాత్రం విశ్రాంతి సమయం కింద రాసుకుంది. విశ్రాంతట, స్టీరింగ్ పట్టుకుని! అదే కోర్టు అదంతా పని సమయమే అని చెప్పింది. ఆ తీర్పు స్థిరమైన ఆఫీసు లేనివాళ్ళకి, అదీ పని గంటల పరిమితి గురించి. జీతం సంగతి దేశాల చట్టాలకి వదిలేసింది. కాబట్టి మా కుర్రాడికి అది నేరుగా వర్తిస్తుందని నేననట్లేదు, లండన్లో అతనికో ఆఫీసు డెస్కుంది. కానీ న్యాయం అర్థం కావడానికి లాయరే అక్కర్లేదు. పొద్దున నాలుగూ యాభైకి మనిషి టాక్సీ ఎక్కింది సరదాకి కాదు. ఎవరి పని మీద వెళ్ళాడో ఆ సమయం వాళ్ళ ఖాతాలో పడాలి.

అసలు సిగ్గుపడాల్సింది మనం. సాఫ్ట్‌వేర్ వాళ్ళం. యునిక్స్‌లో 'టైమ్' అని ఒక కమాండుంది, మీరందరూ వాడిందే. ఏ ప్రోగ్రాముకైనా మూడు అంకెలు చెప్తుంది: రియల్, యూజర్, సిస్. ప్రాసెసర్ ఎంతసేపు కష్టపడింది అనేది వేరు, గోడ గడియారంలో ఎంతసేపయ్యింది అనేది వేరు. ఒక కుర్రాడొచ్చి "సార్, పేజీ తెరవడానికి యాభై మిల్లీ సెకన్లే" అంటే మనం ఊరుకుంటామా? "అది డేటాబేసుకి పట్టిన టైము నాయనా, యూజరు తెర మీద ఎప్పుడు కనిపించిందో చెప్పు" అంటాం. పేజీ కోసం ఇంత పట్టుబట్టే మనం, మనిషి దగ్గరికొచ్చేసరికి ప్రాసెసర్ టైము చూపించి చేతులు దులుపుకుంటున్నాం. ఎందుకంటే ఆ అంకె తేలిగ్గా వస్తుంది. ఒక్క మధ్యాహ్నంలో రాసెయ్యొచ్చు. నాకు తెలుసు, నేను రాశాను.

'ఇంటి నుంచి ఇంటికి' అనేది లెక్కించడం కష్టమని చెప్పకండి. ఇవాళ లోకల్ రైళ్ళ టైములు, రోడ్ల మీద ట్రాఫిక్కు ఫోన్లోనే ఉన్నాయి. ఉద్యోగి చిరునామా కంపెనీ దగ్గరుంది, క్లయింటు చిరునామా కాంట్రాక్టులో ఉంది. సరిగ్గా నిమిషానికి రాకపోవచ్చు. కానీ ఓ అరగంట అటూ ఇటూగా నిజం చెప్పే అంకె, నిమిషంతో సహా అబద్ధం చెప్పే అంకె కన్నా వెయ్యిరెట్లు నయం. ప్రభుత్వాలు కూడా మెల్లగా దారికొస్తున్నాయి. 2023లో ఫ్రాన్సు వాళ్ళు, రైల్లో రెండున్నర గంటల్లోపు చేరగలిగిన దేశీయ మార్గాల్లో విమానాలు ఆపేశారు. పారిస్ ఓర్లీ విమానాశ్రయం నుంచి లియోన్, నాంత్, బోర్డోలకి ఫ్లైట్లు ఆగిపోయాయి. వాళ్ళ కారణం పొగ, నా కారణం సమయం. కానీ ఇద్దరం అడుగుతున్నది ఒకటే, పూర్తి లెక్క చూపించండి అని.

ఇంతకీ మా కుర్రాడి సంగతి ఏమైందంటారా. ఆ టైములన్నీ ఒక ఎక్సెల్ షీట్లో వేసి మేనేజరుకి పంపాను. పైన ఒకే వాక్యం రాశాను: "మీరు చూస్తున్నది 2 గంటల 40 నిమిషాలు, అతను చేస్తున్నది 11 గంటల 10 నిమిషాలు." రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఆయనే నా సీటు దగ్గరికొచ్చి, "నేను కూడా నెలకోసారి వెళ్తూనే ఉన్నానండీ, ఎప్పుడూ లెక్కేసుకోలేదు" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం సగం దిగిపోయింది. దోచుకున్నవాడనుకున్న మనిషి కూడా దోపిడీకి గురైనవాడే అన్నమాట.

అప్పటికే పదిహేడు వారాలు గడిచిపోయాయి. పద్దెనిమిదో వారం నుంచి రైలు, సోమవారం రాత్రి హోటల్ ఒప్పుకున్నారు. ముందే బుక్ చేస్తే ఖర్చులో పెద్ద తేడా కూడా రాలేదు. టైమ్‌షీట్లో మాత్రం ఇప్పటికీ ఎనిమిది గంటలే. ప్రయాణానికి అందులో కోడు లేదట. లేకపోతే పెట్టాలి కదా? పెట్టేదెవరు, మళ్ళీ మనలాంటివాడే ఎవడో.

అందుకని ఆన్‌సైట్లో ఉన్నవాళ్ళకి ఒక మనవి. ఈసారి ఎవరైనా "గంటేగా" అంటే వాదించకండి. ఒక్క ప్రయాణానికి తలుపు నుంచి తలుపుకి టైములు రాసి పంపించండి. ట్రావెల్ సైట్లు రాసేవాళ్ళకి ఇంకో మనవి. ఆ ఫ్లైట్ టైమ్ పక్కన ఇంకో గడి పెట్టి, ఇంటి నుంచి ఎంతసేపో వెయ్యండి. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం దాన్ని నింపుతున్నది మనలో ఎవరిదో ఒకరి మంగళవారం.

మీ లెక్క ఎంత తేలింది? మీ ఊరి నుంచి మీ క్లయింటు ఊరికి, ఈ తలుపు నుంచి ఆ తలుపుకి? వేసి చూసి చెప్పండి.